రమ్మన్నది యుద్ధం, పొమ్మన్నది శాంతి

1944 మార్చి 28. లండన్‌లో పార్లమెంటు కొత్త విద్యా బిల్లు మీద చర్చిస్తోంది. టీచరు ఉద్యోగంలో ఆడా మగా తేడా లేకుండా ఒకే జీతం ఇవ్వాలని ఒక చిన్న సవరణ వచ్చింది. దాన్ని తెచ్చిన థెల్మా కజలెట్-కీర్ ప్రధాని చర్చిల్ సొంత పార్టీ సభ్యురాలే. ఓట్లు లెక్కపెడితే అనుకూలంగా 117, వ్యతిరేకంగా 116. ఒక్క ఓటుతో సవరణ గెలిచింది.

మర్నాడే చర్చిల్ అడ్డం తిరిగారు. ఈ సవరణ తీసేయండి, లేదంటే నా ప్రభుత్వం మీద మీకు విశ్వాసం లేదనే అనుకుంటాను అన్నారు. జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రరాజ్యాల సైన్యాలు దిగడానికి ఇంకా రెండు నెలల పైచిలుకే ఉంది. అలాంటి సమయంలో ప్రభుత్వాన్ని పడగొట్టే సాహసం ఎవరు చేస్తారు? మార్చి 30న మళ్ళీ ఓటింగు పెడితే 425 మంది ప్రభుత్వం వైపు నిలబడ్డారు, 23 మంది మాత్రం కదల్లేదు. రెండు రోజుల కిందట వచ్చిన సమాన జీతం అలా చేజారిపోయింది. బ్రిటన్‌లో టీచర్లకు అది పూర్తిగా అందేసరికి 1961 వచ్చింది.

అప్పటికి ఆ దేశంలో ఆడవాళ్ళు ఏం చేస్తున్నారో గుర్తు చేసుకుంటే ఇది ఎంత అన్యాయమో తెలుస్తుంది. 1941 డిసెంబరు చట్టంతో 20 నుంచి 30 ఏళ్ళ మధ్య ఉన్న పెళ్ళికాని ఆడవాళ్ళను ప్రభుత్వం నిర్బంధంగా యుద్ధ సేవలోకి తీసుకుంది. జర్మన్ల రహస్య సంకేతాలను విప్పే బ్లెచ్లీ పార్క్ సిబ్బందిలో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్ళే. శత్రు విమానాలను కూల్చే ఫిరంగుల దగ్గర దూరం, ఎత్తు, వేగం లెక్కకట్టి గురి చెప్పింది కూడా వాళ్ళే. అయితే ఆ ఫిరంగి పేల్చడానికి మాత్రం వాళ్ళకు అనుమతి లేదు. లెక్క వాళ్ళది, పేల్చే చెయ్యి మగాడిది.

యుద్ధం వల్ల ఆడవాళ్ళు గడప దాటారు, దాంతో వాళ్ళకు హక్కులు వచ్చాయి అనే కథ మనందరం విన్నదే. యుద్ధం అయిపోగానే అందరినీ తిరిగి వంటింట్లోకి తోసేశారు, ఏమీ మారలేదు అనే ఎదురు కథ కూడా ఉంది. చాలాకాలం నేను మొదటి కథే నమ్మాను. కొంత చదివాక రెండోదాని వైపు మొగ్గాను. ఇప్పుడు ఈ రెండూ అసలు ప్రశ్నను పక్కన పెట్టేస్తున్నాయని అనిపిస్తోంది. ఆడవాళ్ళను పనిలోకి పిలిచినప్పుడు ఏ షరతు మీద పిలిచారు? ఆ షరతు రాసిన గదిలో వాళ్ళు ఉన్నారా? వచ్చినవాటిలో ఏది నిలిచింది, ఎందుకు నిలిచింది? ఇవి అడిగితే చిక్కుముడి మెల్లగా వదులవుతుంది. వివరాలు బాగా దొరికే బ్రిటన్‌తో మొదలుపెట్టి మన తెలంగాణ దాకా వద్దాం.

పాలల్లో నీళ్ళు

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే బ్రిటన్‌లో ఆడవాళ్ళకు పనులు పెరగలేదు, పోయాయి. డబ్బున్న ఇళ్ళలో కొత్త బట్టలు కుట్టించుకోవడం ఆపేశారు, పనివాళ్ళను తగ్గించుకున్నారు. నూలు మిల్లులకు ఎగుమతులు దెబ్బతిన్నాయి. కుట్టుపనివాళ్ళు, మిల్లు కూలీలు ఆ మొదటి నెలల్లో వీధిన పడ్డారు. 1915 వసంతంలో ఫ్రాన్స్ యుద్ధరంగంలో ఫిరంగి గుండ్లు చాలక పెద్ద గొడవ జరిగింది. ఆయుధాల కోసం ఒక కొత్త మంత్రిత్వశాఖ పెట్టి లాయిడ్ జార్జికి అప్పగించారు. అప్పుడు గాని ప్రభుత్వానికి ఆడవాళ్ళు గుర్తుకు రాలేదు.

అదే ఏడాది జులై 17న ఎమెలిన్ పాంక్‌హర్స్ట్ వేలమందితో లండన్ వీధుల్లో ఊరేగింపు తీశారు. దేశసేవ చేసే హక్కు మాకూ కావాలన్నది వాళ్ళ డిమాండు. ఏడాది కిందటి దాకా ఓటు హక్కు కోసం ఆమెను జైల్లో పెడుతూ, నిరాహారదీక్షతో చావుబతుకుల్లో పడగానే వదిలిపెడుతూ, కోలుకోగానే మళ్ళీ పట్టుకుపోతూ వచ్చిన ప్రభుత్వమే ఈ ఊరేగింపు ఖర్చు భరించింది. ఓటు అడిగితే జైలు, గుండ్లు చేస్తామంటే ఖర్చులకు డబ్బు.

వీధిలో ఊరేగింపు జరగడానికి కొన్ని నెలల ముందే గదిలో ఒప్పందం అయిపోయింది. 1915 మార్చిలో ప్రభుత్వమూ కార్మిక సంఘాలూ కూర్చుని, నైపుణ్యం ఉన్న పనుల్లోకి నైపుణ్యం లేనివాళ్ళనూ ఆడవాళ్ళనూ తీసుకోవచ్చని ఒప్పుకున్నాయి. దీన్ని వాళ్ళు ‘డైల్యూషన్’ అన్నారు. పాలల్లో నీళ్ళు కలపడం అన్నమాట. నీళ్ళు ఎవరో చెప్పక్కర్లేదు. యుద్ధం ఉన్నంతకాలమే ఈ ఏర్పాటు, యుద్ధం ముగిసిన రోజున అన్నీ పాత పద్ధతికి రావాలి అన్నది అందులోని షరతు. ఆడవాళ్ళు ఇంకా ఫ్యాక్టరీ గేటు కూడా దాటకముందే వాళ్ళు వెళ్ళిపోవాల్సిన రోజు ఖాయమైపోయింది.

సంఘాల భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. ఏళ్ళ తరబడి కొట్లాడి సంపాదించుకున్న కూలి రేట్లను, చౌకగా దొరికే మనుషుల్ని చూపించి యజమానులు శాశ్వతంగా తగ్గించేస్తారని వాళ్ళ ఆందోళన. అది జరగదని హామీ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. దానికి ఒక సూటి మందు ఉంది. ఎవరు చేసినా ఒకే పనికి ఒకే కూలి. అప్పుడు చౌక మనుషులనే మాటే ఉండదు. మహిళా కార్మికుల సమాఖ్యను నడిపిన మేరీ మెకార్థర్ లాంటివాళ్ళు కూలి సంగతి మీదే పట్టుబట్టారు. పెద్ద ఇంజినీరింగ్ సంఘం మాత్రం ఆడవాళ్ళను సభ్యులుగానే చేర్చుకోలేదు. చేర్చుకోవడానికి 1943 దాకా, అంటే రెండో యుద్ధం నడిమధ్య దాకా ఆగింది.

నిపుణుడైన మగాడి పని పూర్తిగా చేసే ఆడమనిషికి అదే రేటు ఇవ్వాలని కాగితం మీద ఉంది. ఆ ‘పూర్తిగా’ అన్న మాటలోనే యజమానులు దారి వెతుక్కున్నారు. ఒక పనిని నాలుగు ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికి ఇచ్చారు. లేత్ మెషిన్‌ను పొద్దున్నే ఒక మగ ఫిట్టరు సర్దిపెట్టి వెళ్ళేవాడు. ఇక ఆమె రోజంతా నిలబడి తిప్పినా అది మగాడి పూర్తి పని కిందికి రాదు. కాబట్టి ఆ రేటు కూడా రాదు. ఇది వందేళ్ళ కిందటి ట్రిక్కే గానీ, మన దగ్గర ఆడకూలీకీ మగకూలీకీ రేటు ఎందుకు వేరని అడిగితే వచ్చే జవాబు కూడా ఇలాగే ఉంటుంది. ‘ఆ పని వేరు, ఈ పని వేరు.’

అసలు వాళ్ళు ఎవరు? గడప దాటని ఇల్లాళ్ళు ఒక్కసారిగా ఫ్యాక్టరీల్లోకి వచ్చారని మనం ఊహించుకుంటాం. నిజానికి వాళ్ళలో ఎక్కువమంది అప్పటికే కష్టపడి బతుకుతున్నవాళ్ళు. యుద్ధానికి ముందు బ్రిటన్‌లో పదహారు లక్షలకు పైగా ఆడవాళ్ళు పెద్దిళ్ళలో పనిమనుషులు. పొద్దున అయిదింటికి లేచి పొయ్యిలు తుడవడం, రాత్రి అమ్మగారు పడుకున్నాక పడుకోవడం, వారానికి ఒక పూట సెలవు. వాళ్ళలో నాలుగు లక్షల మంది దాకా యుద్ధకాలంలో ఆ పని వదిలేశారు. ఫ్యాక్టరీలో పన్నెండు గంటల షిఫ్టు అయినా సరే, హూటర్ మోగితే పని అయిపోతుంది, ఆ తర్వాత సమయం తనది. అది ఎంత పెద్ద తేడానో ఇంటిపని చేసినవాళ్ళకే తెలుస్తుంది. బయటికి రావడం అన్న మాట మధ్యతరగతి ఆడవాళ్ళకు సరిపోతుంది. పేదవాళ్ళు ఎప్పుడూ బయటే ఉన్నారు. యుద్ధంలో వాళ్ళు చెడ్డ పని నుంచి కాస్త మెరుగైన పనికి మారారు, అంతే. ఆ మాత్రం మార్పే వాళ్ళకు చాలా పెద్దది.

ఆ మెరుగైన పని కూడా ఎలాంటిదో చూడాలి. ఆయుధాల ఫ్యాక్టరీల్లో చివరికి సుమారు తొమ్మిది లక్షల మంది ఆడవాళ్ళు పనిచేశారు. స్కాట్లండ్ సరిహద్దులోని గ్రెట్నా ఫ్యాక్టరీ పొడవు తొమ్మిది మైళ్ళు, అందులో పదకొండు వేలకు పైగా ఆడవాళ్ళు. పేలుడు ద్రవమైన నైట్రోగ్లిజరిన్‌ను గన్ కాటన్‌లో, అంటే ఆసిడ్‌తో పేలుడు మందుగా మార్చిన దూదిలో, వేసి చేతులతో పిసికి ముద్ద చేసేవాళ్ళు. చూడటానికి వచ్చిన రచయిత ఆర్థర్ కోనన్ డాయల్ ఆ ముద్దకు దయ్యపు జావ అని పేరు పెట్టారు. గుండ్లలో టీఎన్‌టీ అనే పేలుడు మందు నింపే ఫ్యాక్టరీల్లో ఆ పొడి ఒంటికి పట్టి చర్మం, జుట్టు పసుపురంగుకు తిరిగేవి. జనం వాళ్ళను ‘కానరీ పిట్టలు’ అన్నారు. ఆ విషం కాలేయానికి ఎక్కి వందకు పైగా ఆడవాళ్ళు చనిపోయారు.

1916 డిసెంబరు 5 రాత్రి లీడ్స్ దగ్గర బార్న్‌బో ఫ్యాక్టరీలో ఒక గుండు పేలి 35 మంది ఆడవాళ్ళు చనిపోయారు. రాత్రి షిఫ్టు అప్పుడే మొదలైంది. శవాలు తీసేసిన కాసేపటికే మిగిలినవాళ్ళు మళ్ళీ పనిలోకి వచ్చారు. శత్రువుకు తెలియకూడదని ఆ వార్త పత్రికల్లో రానివ్వలేదు. పేపర్లో వచ్చిన చావుకబుర్లలో ప్రమాదం వల్ల అని మాత్రమే ఉంది. సైనికుడు చనిపోతే ఊళ్ళో రాతి ఫలకం మీద పేరు చెక్కుతారు. ఈ అమ్మాయిలు ఎక్కడ, ఎలా పోయారో తమ వీధివాళ్ళకే చెప్పుకోలేని స్థితి.

అయిదు షిల్లింగులు

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం 1918 ఆగస్టులోది. లండన్ బస్సులు, ట్రాముల్లో అప్పటికి వేలమంది ఆడవాళ్ళు కండక్టర్లు. పెరిగిన ధరల కోసం మగ సిబ్బందికి వారానికి అయిదు షిల్లింగుల యుద్ధ బోనస్ ఇచ్చి, ఆడవాళ్ళకు లేదన్నారు. అదే బస్సు, అవే టికెట్లు, అవే గంటలు. విల్స్‌డెన్ గ్యారేజీలో ఆడ కండక్టర్లు పైవాళ్ళను ఎవరినీ అడక్కుండా పని ఆపేశారు. మర్నాటికి పక్క గ్యారేజీలు, ఆ తర్వాత మెట్రో రైళ్ళు, ఆపైన బాత్, బ్రిస్టల్, బ్రైటన్ లాంటి ఊళ్ళు. చాలాచోట్ల మగ డ్రైవర్లు, కండక్టర్లు కూడా వాళ్ళతో నిలబడ్డారు. నెలాఖరుకు బోనస్ వచ్చింది.

సమ్మె వల్ల ఇంకో ఫలితం కూడా వచ్చింది. ఆడవాళ్ళ కూలి సంగతి తేల్చమని యుద్ధ మంత్రివర్గం ఒక కమిటీ వేసింది. 1919లో వచ్చిన దాని నివేదికతో విభేదించి, కమిటీ సభ్యురాలు బియాట్రిస్ వెబ్ విడిగా ఒక నివేదిక రాశారు. మనిషిని బట్టి కూలి నిర్ణయించడమే తప్పు, పనిని బట్టి నిర్ణయించండి అన్నది ఆమె వాదన. ఆమె మాట ప్రభుత్వం వినలేదు.

ఆ అమ్మాయిలు గెలవడానికి కారణం దేశానికి వాళ్ళు చేసిన సేవ అని నేను అనుకోవడం లేదు. సేవ 1915 నుంచీ చేస్తూనే ఉన్నారు. 1918లో వాళ్ళు పని ఆపారు. అప్పటికి బ్రిటన్ కార్మిక సంఘాల్లో మహిళా సభ్యులు నాలుగు లక్షల లోపు నుంచి పది లక్షల పైకి పెరిగారు. బోనస్‌ను గెలిపించింది ఆ బలం.

ఓటు హక్కు సంగతి కూడా ఇక్కడే చూడాలి. యుద్ధసేవకు బహుమతిగా బ్రిటన్ ఆడవాళ్ళకు ఓటు ఇచ్చిందని తరచూ రాస్తుంటారు. 1918 ఫిబ్రవరి చట్టం ఓటు ఇచ్చింది ముప్పై ఏళ్ళు దాటి, ఇల్లూ ఆస్తీ లెక్కలోకి వచ్చే సుమారు 84 లక్షల మందికి. టీఎన్‌టీ నింపి పసుపుపచ్చగా మారిన అమ్మాయిల్లో ఎక్కువమందికి ఇరవై, ఇరవై రెండేళ్ళు. వాళ్ళకు రాలేదు. అదే చట్టం యుద్ధానికి వెళ్ళొచ్చిన కుర్రాడికి పందొమ్మిదేళ్ళకే ఓటు ఇచ్చింది. బహుమతే అయితే అసలు కష్టపడినవాళ్ళను వదిలి వాళ్ళ అమ్మలకూ అత్తలకూ ఎందుకిచ్చినట్టు? ఆడ ఓటర్లు మగ ఓటర్లను మించిపోతారన్న భయం వల్లే ఆ వయసు గీత గీశారు. అది చెరగడానికి 1928 దాకా పట్టింది. ఫ్రాన్స్‌లో ఆడవాళ్ళు అంతే కష్టపడినా 1922లో సెనేట్ బిల్లును తిప్పికొట్టింది, 1944 దాకా ఓటు లేదు. యుద్ధంలోకే దిగని డెన్మార్క్ 1915లో ఇచ్చేసింది. యుద్ధం ఉన్నచోట ఓటు వచ్చింది, రాలేదు కూడా. యుద్ధం లేనిచోటా వచ్చింది. అంతకుముందు యాభై ఏళ్ళుగా నడుస్తున్న ఉద్యమం ఏ దేశంలో ఎంత గట్టిగా ఉంది, అప్పటి రాజకీయ పార్టీలకు ఏం లెక్క కుదిరింది అన్నవే తేల్చిన విషయాలు.

1918 నవంబరులో కాల్పులు ఆగాయి. రెండు వారాల కూలి, ఊరికి ఉచిత రైలు టికెట్ చేతిలో పెట్టి పంపేశారు. ఏడాది తిరక్కుండానే లక్షలాది మంది ఉద్యోగాలు పోయాయి. 1919లో, నాలుగేళ్ళ కిందటి షరతు యుద్ధానికి ముందున్న పద్ధతుల పునరుద్ధరణ చట్టంగా వచ్చింది. నిరుద్యోగ భృతి కోసం క్యూలో నిలబడితే, పెద్దింట్లో పనిమనిషి ఉద్యోగం ఖాళీ ఉంది, వెళ్తావా అని అడిగేవాళ్ళు. వెళ్ళనంటే భృతి బంద్. 1917లో ఇదే అమ్మాయిలను వీరవనితలని పొగిడిన పత్రికలు ఇప్పుడు సైనికుల ఉద్యోగాలు తన్నుకుపోతున్నారని తిట్టాయి. 1921 జనగణనలో పనిచేసే ఆడవాళ్ళ వాటా 1911 కంటే కాస్త తక్కువే తేలింది.

బాంబు పడితే కాలికి ధర ఎంత?

రెండో యుద్ధం నాటికి ఆడవాళ్ళకు అనుభవం ఉంది, ఓటు ఉంది, పార్లమెంటులో కొద్దిమందైనా సభ్యులున్నారు. అందుకే ఈసారి షరతుల మీద కొట్లాట యుద్ధం మధ్యలోనే జరిగింది.

1939లో బ్రిటన్ ప్రభుత్వం బాంబుదాడుల్లో గాయపడిన పౌరులకు పరిహారం పథకం పెట్టింది. ఒకే బాంబు ఒకే వీధిలో పడి ఒక మగాడి కాలూ ఒక ఆడమనిషి కాలూ పోతే, ఆమెకు వారానికి ఏడు షిల్లింగులు తక్కువ. సంపాదన తక్కువ కాబట్టి నష్టమూ తక్కువే అని లెక్క. అన్ని పార్టీల మహిళా సభ్యులు కలిసి దీని మీద పోరాడారు. కన్సర్వేటివ్ పార్టీకి చెందిన మేవిస్ టేట్, లేబర్ పార్టీకి చెందిన డాక్టర్ ఈడిత్ సమ్మర్‌స్కిల్ పార్టీలు మర్చిపోయి పక్కపక్కన నిలబడ్డారు. 1943 ఏప్రిల్‌లో ప్రభుత్వం దిగొచ్చి పరిహారం సమానం చేసింది. మరుసటి ఏడాది టీచర్ల జీతం కోసం 117, 116 ఓటింగు జరిగిందంటే ఈ గెలుపు ఇచ్చిన ధైర్యం కూడా కొంత కారణం.

పసిపిల్లల తల్లులను ఫ్యాక్టరీకి పిలవాలంటే పిల్లల్ని ఎవరు చూస్తారు? ప్రభుత్వం యుద్ధకాలపు శిశు సంరక్షణ కేంద్రాలు తెరిచింది, 1944 నాటికి దాదాపు 1,500. అవసరం వచ్చినప్పుడు బిడ్డల పెంపకం దేశం బాధ్యత అయింది. యుద్ధం ముగియగానే కేంద్ర ప్రభుత్వం డబ్బు తగ్గించింది, చాలా మూతపడ్డాయి. మళ్ళీ అది అమ్మ బాధ్యత అయింది. సరిగ్గా రెండేళ్ళు తిరిగేసరికి, 1947లో, బట్టల మిల్లులకు మనుషులు చాలడం లేదు, ఆడవాళ్ళు దయచేసి పనికి రండి అని అదే ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టింది!

పెళ్ళయితే టీచరు, గుమస్తా ఉద్యోగాల నుంచి ఆడవాళ్ళను తీసేసే నియమం ఉండేది. టీచర్లకు 1944లో, ప్రభుత్వోద్యోగులకు 1946లో అది పోయింది. మళ్ళీ రాలేదు. ఎందుకంటే అది చట్టంలో మారింది, పైగా మనుషుల కొరత కూడా తీరలేదు. శిశు కేంద్రాలు తాత్కాలిక ఏర్పాటుగా వచ్చాయి, అలాగే పోయాయి. నిలిచినవీ పోయినవీ వరుసగా పెట్టి చూస్తే నాకు కనిపించింది ఇదే. చట్టంగా రాసుకున్నది, సంఘం కట్టి పట్టుకున్నది, కొరత తీరనిది మిగిలాయి. కృతజ్ఞత మీద వదిలేసినది ఒక్కటీ మిగల్లేదు. 1968లో డాగెన్‌హామ్‌లోని ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో సీటు కవర్లు కుట్టే ఆడవాళ్ళు సమ్మె చేశాక 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. ఆ పోరాటం మొదలైంది విల్స్‌డెన్ బస్సు గ్యారేజీలో అంటే అతిశయోక్తి కాదు.

సోవియట్ యూనియన్ అనుభవం దీనికంటే కఠినం. ఎనిమిది లక్షల మంది దాకా ఆడవాళ్ళు సైన్యంలో పనిచేశారు. గురిచూసి కాల్చేవాళ్ళు, ట్యాంకు నడిపేవాళ్ళు, రాత్రివేళ పాత గుడ్డరెక్కల విమానాల్లో వెళ్ళి బాంబులు వేసినవాళ్ళు. బ్రిటన్‌లో లాగా ఫిరంగి ముట్టుకోవద్దన్న గీత అక్కడ లేదు. 1945 జులైలో ఇళ్ళకు వెళ్తున్న వాళ్ళకు దేశాధ్యక్షుడు కలినిన్ చెప్పిన సలహా ఏమిటంటే, మీరు చేసిన సేవ గురించి మీరు చెప్పుకోకండి, ఇతరులను చెప్పనివ్వండి అని. చాలామంది దశాబ్దాల పాటు చెప్పుకోలేదు కూడా. సైన్యంలో మగవాళ్ళ మధ్య గడిపి వచ్చిందంటే పెళ్ళి సంబంధాలు రావని పతకాలు పెట్టె అడుగున దాచుకున్నవాళ్ళు ఉన్నారు.

మన దగ్గర, బొగ్గు గనుల్లో

యుద్ధం మన దేశంలో ఆడవాళ్ళను ఎక్కడికి పిలిచిందో చాలామందికి తెలియదు. భూమి అడుగుకు.

తూర్పు భారతంలోని ఝరియా, రాణిగంజ్ గనుల్లో మొగుడు బొగ్గు తవ్వితే పెళ్ళాం తట్టలకెత్తి మోసేది. ఎక్కువమంది సంతాల్, బౌరీ లాంటి కులాల, తెగలవాళ్ళు. ఈ ఆడకూలీలను అక్కడ ‘కామిన్’ అంటారు. 1929 నుంచి నిబంధనలు తెచ్చి ఆడవాళ్ళను గని లోపలి నుంచి మెల్లగా తప్పించారు, 1930ల చివరికి పూర్తిగా నిషేధం వచ్చింది. యుద్ధం వచ్చాక సైన్యానికి విమానాశ్రయాలూ రోడ్లూ కట్టే పనుల్లో కూలి ఎక్కువ దొరకడంతో మగవాళ్ళు గనులు వదిలి అటు వెళ్ళిపోయారు. బొగ్గు తగ్గింది. 1943లో ప్రభుత్వం నిషేధం ఎత్తేసి ఆడవాళ్ళను మళ్ళీ కిందికి దించింది. అది బెంగాల్ కరువు సంవత్సరం. ఆకలితో ఉన్నవాళ్ళను పిలిస్తే రారా?

అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూస్తున్నది అంబేడ్కర్. అఖిల భారత మహిళా సభ తీవ్రంగా నిరసన తెలిపింది. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో చర్చ జరిగింది. ఇది తప్పనిసరై చేసిన తాత్కాలిక ఏర్పాటు అని, ఆడా మగా తేడా లేకుండా ఒకే పనికి ఒకే కూలి అన్న సూత్రాన్ని ఇక్కడ పెట్టామని అంబేడ్కర్ సమాధానమిచ్చారు. బ్రిటన్ పార్లమెంటులో 117, 116 ఓటింగుకు ఇది నెలన్నర ముందు! 1946 ఫిబ్రవరి 1 నుంచి నిషేధం తిరిగి వచ్చింది.

ఈ ఉదాహరణ నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెడుతుంది. బ్రిటన్‌లో ఆడవాళ్ళను ఫ్యాక్టరీ నుంచి పంపేయడం అన్యాయం అంటాం. ఇక్కడ గని నుంచి పంపడం రక్షణ అంటాం. చీకట్లో, మట్టిపెళ్ళలు విరిగిపడే చోట పని ఎవరికీ మంచిది కాదు, సందేహం లేదు. కానీ పైకి వచ్చాక ఆ కూలి స్థానంలో ఇంకో కూలి ఏది? 1943లో దించేటప్పుడూ 1946లో పైకి తెచ్చేటప్పుడూ ఆ కామిన్‌లను ఎవరూ అడగలేదు. రెండుసార్లూ వాళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు వేరేవాళ్ళు.

దళం నుంచి ఇంటికి

ఆ 1946లోనే మన నేల మీద మరో యుద్ధం మొదలైంది. నిజాం పాలనలో దొరల గడీలు, వెట్టిచాకిరీ, పెళ్ళయిన దొరబిడ్డ వెంట సారెతో పాటు పంపే ఆడబాప పిల్లలు ఉన్న తెలంగాణ అది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తను కౌలుకు సాగుచేసిన భూమిలోని పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వనని అడ్డం నిలబడింది. సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, ఆమె వెంట నిలిచి పంట ఇంటికి చేర్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర గూండాల కాల్పుల్లో చనిపోయాక పోరాటం ఊరూరా అంటుకుంది.

ఇక్కడ ఆడవాళ్ళు పోరాటంలోకి వచ్చిన తీరు బ్రిటన్‌లో లాగా లేదు. పిలుపు రాకముందే వాళ్ళు అందులో ఉన్నారు, ఎందుకంటే గడీలో మొదట నలిగింది వాళ్ళ ఒళ్ళే. కారప్పొడి, రోకలి, వడిసెల పట్టుకుని రజాకార్లకు ఎదురు నిలబడ్డారు. చీటీలు కొంగున దాచి ఊరు దాటించారు. మల్లు స్వరాజ్యం పదహారు, పదిహేడేళ్ళకే పాటలతో ఊళ్ళను కదిలించి, తుపాకీ పట్టి దళాన్ని నడిపింది. ఆమె తల మీద పదివేల రూపాయల వెల పెట్టారు. పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం మాత్రం ఆడవాళ్ళు దళాల్లోకి రావడాన్ని మొదట్లో అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. అడవిలో మగవాళ్ళతో కలిసి ఉంటే జనం ఏమనుకుంటారో అన్న బెరుకు వాళ్ళకూ ఉంది.

అందరికీ తుపాకీ రాలేదు, చాలామందికి డెన్ వచ్చింది. డెన్ అంటే అజ్ఞాతంలో ఉన్న నాయకులు దాక్కునే ఇల్లు. ఇరుగుపొరుగుకు అది మామూలు కాపురంలా కనిపించాలి. కాబట్టి ఆ ఇంట్లో ఒక ఇల్లాలు కావాలి. వండి పెట్టడం, ఎవరైనా తలుపు తడితే నవ్వుతూ మాట్లాడి పంపేయడం, ఊరూ పేరూ మార్చుకోవడం, కన్నపిల్లలను వేరేచోట వదిలి ఉండటం. పోలీసులు వస్తే ముందు ఎదురుపడేది ఆమే. ఎప్పుడూ చేసే వంట పనే ఇక్కడ విప్లవం పని అయింది. కానీ విప్లవం లెక్కల్లో అది వంట పనిగానే ఉండిపోయింది. బ్రిటన్‌లో ‘ఇది పూర్తి మగ పని కాదు’ అన్న లేత్ మెషిన్ నాకు ఇక్కడ గుర్తొస్తుంది.

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక కూడా పోరాటం సాగింది. 1951 అక్టోబరు 21న విరమణ. కొందరికి దారి దొరికింది. ఆరుట్ల కమలాదేవి 1952లో ఆలేరు నుంచి శాసనసభకు గెలిచారు. మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి గెలిచారు. ఎక్కువమందికి వినిపించిన మాట ఒకటే: ఇక ఇంటికి వెళ్ళండి. భూమి పట్టాలు మగవాళ్ళ పేరున వచ్చాయి. పార్టీ పనుల్లో మగవాళ్ళు కొనసాగారు. అడవిలో ఉండి వచ్చిన ఆడపిల్లను ఊరు వేరే కళ్ళతో చూసింది. ఇక్కడ వెళ్ళిపోవాల్సిన తేదీని ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయకపోయినా అందరికీ ముందే తెలిసినట్టే జరిగింది.

కోస్తా జిల్లాల నుంచి వచ్చి అజ్ఞాతంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఒంటి మీది నగలు ఉద్యమానికి ఇచ్చేశారు, డెన్లలో బతికారు. తర్వాత భర్త విడిచి వెళ్ళాడు. ముప్పై అయిదు దాటిన వయసులో మళ్ళీ చదువు మొదలుపెట్టి, కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేరి బతికారు. తన జీవితాన్ని తొంభై ఏళ్ళు దాటాక అచ్చులో పెట్టారు. నూరేళ్ళు నిండాక 2018లో కన్నుమూశారు.

ఆమెలా రాయగలిగినవాళ్ళు అతి తక్కువ. మిగిలినవాళ్ళ దగ్గరికి, పోరాటం ముగిసిన మూడు దశాబ్దాల తర్వాత, హైదరాబాదు నుంచి స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం అమ్మాయిలు టేప్ రికార్డరు పట్టుకుని వెళ్ళారు. పొలం గట్ల మీద, వంటిళ్ళ గడపల్లో కూర్చుని ‘అప్పుడు మీరేం చేశారమ్మా?’ అని అడిగారు. ఆ గొంతులు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అనే పుస్తకంగా వచ్చాయి. పోరాటం విరమించి అప్పటికి ముప్పై అయిదేళ్ళు.